యుద్ధం ఓడిపోయిన నాసర్ చనిపోతే అంత జనం ఎందుకు ఏడ్చారు?

దారిపక్క చెట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. డిగ్రీలో ప్రపంచ చరిత్ర చదువుతున్నాను. అలీనోద్యమం పాఠంలో నెహ్రూ, టిటోల పక్కన ఈజిప్టు అధ్యక్షుడు గమాల్ అబ్దెల్ నాసర్ పేరు ఒక్క లైన్‌లో వచ్చి పోయింది. ఎవరీయన అని వెతికితే 1970 అక్టోబర్ 1న కైరోలో జరిగిన ఆయన అంత్యక్రియల వీడియో దొరికింది. నైలు మీది వంతెన జనంతో నిండిపోయింది. శవపేటికను మోస్తున్న బండి చుట్టూ సైనికులు చేతులు కలిపి నిలబడినా జనాన్ని ఆపలేకపోతున్నారు. మగవాళ్లు దీపస్తంభాలెక్కి తల బాదుకుంటున్నారు. దాదాపు 50 లక్షల మంది వచ్చారని అంచనా అట.

నాకు అర్థం కానిది ఇదే. 1967లో ఈజిప్టు ఇజ్రాయెల్ చేతిలో ఆరు రోజుల్లో ఓడిపోయింది. తూర్పున ఉన్న సినాయ్ ఎడారి ప్రాంతం మొత్తం పోయింది. అంతకుముందు సిరియాతో కలిసి ఒకే దేశంగా ఏర్పడితే అది మూడున్నరేళ్లకే విడిపోయింది. ఎదురు మాట్లాడినవాళ్లు జైళ్లలో ఉన్నారు. ఇన్ని జరిగాక కూడా ఆ ఏడుపేంటి? భయంతో వచ్చిన జనమా, నిజమైన అభిమానమా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. పరీక్ష కోసం కాదు, ఆ వీడియో చూసినప్పటి నుంచి మనసులో నుంచి పోవట్లేదు.

హెల్వాన్ లైన్ (జవాబు)

తమ్ముడూ, ఈ ప్రశ్న నాకూ చాలా ఏళ్లు నిద్ర పట్టనివ్వలేదు. 2006 నుంచి 2013 దాకా కైరోలో ఉన్నాను, బట్టలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేవాణ్ని. చదివింది కొంత, చూసింది కొంత, అక్కడివాళ్ల నోట విన్నది ఎక్కువ. అన్నీ కలిపి చెబుతాను.

నా ఇల్లు హెల్వాన్‌లో ఉండేది. మెట్రో ఒకటో లైన్ అక్కడే మొదలవుతుంది. రోజూ రైలు సిటీ నడిమధ్యకు చేరేసరికి స్టేషన్లు ఈ వరసలో వచ్చేవి: సాద్ జగ్లూల్, సాదాత్, నాసర్, ఒరాబీ, ముబారక్. వందేళ్ల ఈజిప్టు రాజకీయమంతా పది నిమిషాల్లో దాటిపోయేది. 2011లో జనం తిరగబడి అధ్యక్షుడు ముబారక్ దిగిపోయాక రైలు పెట్టెల్లోని మ్యాపుల మీద ఆ పేరును జనం గీకి పారేశారు. పక్కన పెన్నుతో 'షుహదా' అని రాశారు, అమరవీరులు అని. తర్వాత ప్రభుత్వమూ అదే పేరు ఖాయం చేసింది. రెండు స్టేషన్ల ఇవతల ఉన్న నాసర్ పేరు మీద నేను చూసినంతలో ఒక్క గీత పడలేదు. నియంత పోవాలని రోడ్డెక్కిన జనంలోనే నాసర్ ఫొటో ఎత్తి పట్టుకున్నవాళ్లను తహ్రీర్ చౌక్‌లో చూశాను. ఈజిప్టులో సైనికాధికారుల పాలన మొదలైందే ఆయన బృందంతో. మరి ఈ ఫొటో ఏంటని నీలాగే నేనూ అనుకున్నాను.

మా ఇంటి ఓనర్‌ని అందరూ హాజ్ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. హెల్వాన్ ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి రిటైరయ్యారు. ఆయన ముందుగదిలో గోడకు రెండు ఫ్రేములుండేవి. ఒకటి నాసర్ ఫొటో. రెండోదాంట్లో ఫొటో లేదు, అంచులు పసుపెక్కిన ఒక కాగితం, కింద ప్రభుత్వ ముద్ర. అది వాళ్ల నాన్నకు 3 ఫెద్దాన్ల పొలం ఇచ్చిన పత్రం. ఫెద్దాన్ అంటే ఎకరం కన్నా కాస్త ఎక్కువ. మినియా ప్రాంతంలో ఆ పొలాన్నే వాళ్ల తాత, నాన్న తరతరాలుగా కౌలుకు చేశారు. ఎస్టేట్ మనిషి దారిలో ఎదురైతే గాడిద దిగి, ఆయన దాటిపోయేదాకా పక్కన నిలబడాలట. పత్రం వచ్చిన వారం వాళ్ల నాన్న అదే దారిలో గాడిద దిగకుండా వెళ్లారు. ఆ మాట చెప్పేటప్పుడు హాజ్ కుర్చీలో నిటారుగా కూర్చునేవారు, గాడిద మీద కూర్చున్నట్టు.

1952కు ముందు దేశంలోని సాగుభూమిలో సుమారు ఐదో వంతు ఒక 2,000 మంది చేతుల్లో ఉండేది. జూలై 23న సైన్యంలోని యువ అధికారులు అధికారం పట్టుకున్నారు, మూడు రోజులకు ఫారూక్ రాజు ఓడెక్కి ఇటలీ వెళ్లిపోయాడు. సెప్టెంబర్ 9కల్లా భూసంస్కరణ చట్టం వచ్చింది. ఒక్కరికి 200 ఫెద్దాన్ల పరిమితి, తర్వాత 1961లో 100, 1969లో 50. నిజానికి పంచిన భూమి మొత్తంలో చిన్న వాటానే. భూమి దక్కని కూలీలే ఎక్కువ. కానీ పాషాల, అంటే పెద్ద భూస్వాముల రోజులు అయిపోయాయన్న కబురు ప్రతి ఊరికీ చేరింది.

నాసర్ పాషాల ఇంట్లో పుట్టలేదు. తండ్రి తపాలా ఉద్యోగి, సొంతూరు ఎగువ ఈజిప్టులోని బనీ ముర్. 1918లో అలెగ్జాండ్రియాలో పుట్టాడు, ఎనిమిదేళ్లకు తల్లిని పోగొట్టుకున్నాడు. 1935లో బ్రిటిష్‌వాళ్లకు వ్యతిరేకంగా విద్యార్థుల ఊరేగింపులో తూటా నుదుటిని రాసుకుంటూ పోయింది. 1936 తర్వాత మిలిటరీ అకాడమీలోకి మధ్యతరగతి పిల్లల్ని ఎక్కువగా తీసుకోవడం మొదలుపెట్టారు, ఆ తలుపులోంచే లోపలికి వెళ్లాడు. 1948 పాలస్తీనా యుద్ధంలో ఫలూజా దగ్గర నెలల తరబడి ముట్టడిలో చిక్కుకున్నాడు. అసలు ముట్టడిలో ఉన్నది తన దేశమేనన్న ఆలోచన అక్కడే గట్టిపడింది.

ఇక ఆ గొంతు. హాజ్ దగ్గర అరబీ నేర్చుకుంటూ నాసర్ ఉపన్యాసాల క్యాసెట్లు విన్నాను, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. అరబీలో రాసే భాష వేరు, మాట్లాడే భాష వేరు, మన గ్రాంథికం, వాడుక భాష లాగ. నాయకులంతా గ్రాంథికంలోనే మాట్లాడేవాళ్లు. చదువురాని రైతుకు సగం అర్థమయ్యేది కాదు. నాసర్ గ్రాంథికంలో మొదలుపెట్టి, వేడెక్కేకొద్దీ కైరో వీధుల భాషలోకి దిగేవాడు. ఎగతాళి చేసేవాడు, నవ్వేవాడు. 'తల ఎత్తుకో తమ్ముడూ' అన్న నినాదం ఆ రోజుల్లో గోడల మీద, నోళ్లలో ఉండేది. 1953లో మొదలైన 'సౌత్ అల్ అరబ్' రేడియో, అంటే అరబ్బుల గొంతు, ఈ మాటల్ని కైరో నుంచి బాగ్దాద్‌కు, ఏడెన్‌కు, అల్జీరియాకు మోసుకెళ్లింది. చదువు రాకపోయినా రేడియో వినిపిస్తుంది కదా.

1956 జూలై 26, అలెగ్జాండ్రియా, మన్షియా చౌక్. వారం ముందు అమెరికా నైలు మీద కట్టబోయే అస్వాన్ డ్యామ్‌కు ఇస్తానన్న డబ్బు ఇవ్వనంది, వెనకే బ్రిటన్ కూడా తప్పుకుంది. ఆ రాత్రి నాసర్ ఉపన్యాసంలో సూయజ్ కాలువ తవ్వించిన లెసెప్స్ పేరు మళ్లీ మళ్లీ పలికాడు. వింటున్నవాళ్లకు వింతగా ఉంది. అది సంకేతం! ఇంజినీర్ మహమూద్ యూనస్ మనుషులు రేడియో పక్కనే కాచుకుని ఉన్నారు. ఆ పేరు చెవిన పడగానే బయలుదేరి కాలువ కంపెనీ ఆఫీసుల్ని స్వాధీనం చేసుకున్నారు. ఉపన్యాసం ముగిసేసరికి కాలువ ఈజిప్టుది. ఆ కంపెనీలో 44 శాతం వాటా బ్రిటిష్ ప్రభుత్వానిది. ఈజిప్టు నేల మీద, ఈజిప్టు కూలీలు ప్రాణాలిచ్చి తవ్విన కాలువ అది. విదేశీ పైలట్లు సెప్టెంబర్‌లో మూకుమ్మడిగా ఉద్యోగాలు వదిలేశారు, మీ వల్ల కాదన్నారు. ఈజిప్టు పైలట్లు సరిగ్గా నిద్ర కూడా పోకుండా ఓడల్ని నడిపి చూపించారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే, ఉపన్యాసం కన్నా కూడా.

తర్వాత బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ రహస్యంగా కూడబలుక్కుని దాడి చేశాయి. అమెరికా, రష్యా రెండూ వ్యతిరేకించాయి. డిసెంబర్‌కల్లా బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాలు పోర్ట్ సయీద్ వదిలి వెళ్లిపోయాయి. లెక్క ప్రకారం యుద్ధరంగంలో ఈజిప్టు ఓడింది, సినాయ్‌లో వెనక్కి తగ్గింది, పోర్ట్ సయీద్‌లో ఇళ్లు కాలిపోయాయి. కానీ కాలువ దక్కింది. రణంలో ఓడినా రాజకీయంలో గెలవొచ్చని ఆయన అప్పుడు నేర్చుకున్నాడు. 1967లో ఆయన్ను ముంచింది ఆ పాఠమేనని నా నమ్మకం. ఇజ్రాయెల్ ఓడలు వెళ్లే తిరాన్ జలసంధి మూసి, సైన్యాన్ని సినాయ్‌లోకి పంపి, చివరి నిమిషంలో పెద్ద దేశాలు అడ్డుపడతాయని చూశాడు. ఈజిప్టు సైన్యంలో కొంత భాగం అప్పటికి యెమెన్ అంతర్యుద్ధంలో ఇరుక్కుని ఉంది. జూన్ 5 పొద్దున మూడు గంటల్లో ఈజిప్టు విమానాల్లో చాలా భాగం నేల మీదే కాలిపోయాయి.

కాబట్టి తమ్ముడూ, ఆ ఏడుపు భయంతో వచ్చింది కాదు. భయంతో వచ్చినవాళ్లు దీపస్తంభాలెక్కరు.

శారద టీచర్ (జవాబు)

హెల్వాన్ లైన్ గారూ, చాలా బాగా చెప్పారు. గాడిద దిగకుండా వెళ్లిన ఆ తండ్రి నాకూ గుర్తుండిపోతాడు. కానీ మీరు 1952 సెప్టెంబర్ 9 నాటి భూచట్టం గురించి చెప్పి ఆగిపోయారు. దానికి రెండు రోజుల ముందు, సెప్టెంబర్ 7న ఏం జరిగిందో కూడా ఈ బాబుకు తెలియాలి.

ఆగస్టులో కఫ్ర్ అల్ దవ్వార్ బట్టల మిల్లులో కార్మికులు సమ్మె చేశారు. కొత్త ప్రభుత్వం మనదే, మన మాట వింటుందని నమ్మి చేశారు. సైన్యం వచ్చింది, సైనిక కోర్టు కూర్చుంది, ముస్తఫా ఖమీస్, ముహమ్మద్ అల్ బక్రీ అనే ఇద్దరు కార్మికుల్ని ఉరి తీశారు. అప్పటికి పైకి కనిపించే నాయకుడు జనరల్ నగీబ్. శిక్ష ఖాయం చేసింది ఆయనా, నాసర్ కూడా ఉన్న సైనిక మండలీ. రైతుకు పొలం పత్రం, కార్మికుడికి ఉరితాడు, ఒకే వారంలో. నేను పిల్లలకు చెప్పేటప్పుడు ఈ రెండు తేదీల్ని విడదీయను.

1954 అక్టోబర్‌లో అదే మన్షియా చౌక్‌లో నాసర్ మీద కాల్పులు జరిగాయి, తప్పిపోయాయి. ఆ తర్వాత ముస్లిం బ్రదర్‌హుడ్ అనే మత రాజకీయ సంస్థ వాళ్లను వేలల్లో జైళ్లలో వేశారు. నగీబ్‌నూ తప్పించి గృహనిర్బంధంలో పెట్టారు. 1959లో కమ్యూనిస్టుల వంతు. షుహ్దీ అతియా అనే కమ్యూనిస్టు నాయకుడు నాసర్‌ను సమర్థించినవాడే. 1960లో అబూ జాబల్ జైల్లో కొట్టిన దెబ్బలకు చనిపోయాడు. రాత్రి తెల్లవారుజామున ఇంటి తలుపు కొట్టే పోలీసులకు అక్కడి జనం 'జువ్వార్ అల్ ఫజ్ర్' అని పేరు పెట్టారు, వేకువ చుట్టాలు అని. ఆ పేరు వింటేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అస్వాన్ హైడ్యామ్ గొప్ప పనే, కాదనను. కరువులో నీళ్లు నిలిపింది, వరదలు ఆపింది, ఇళ్లకు కరెంటిచ్చింది. దాని వెనక నిలిచిన సరస్సుకు నాసర్ పేరే పెట్టారు. ఆ సరస్సు కింద నూబియన్ల ఊళ్లున్నాయి, తరతరాలుగా ఆ నది ఒడ్డునే ఉన్న జనం వాళ్లు. ఈజిప్టు వైపే సుమారు 50,000 మందిని కోమ్ ఓంబో వైపు తరలించారు. నది ఒడ్డున ఖర్జూరపు చెట్ల మధ్య బతికినవాళ్లను నదికి దూరంగా వరస ఇళ్లలో పెట్టారు. అబూ సింబెల్ గుడి రాళ్లను ముక్కముక్కగా కోసి పైకెత్తి మళ్లీ కట్టడానికి ప్రపంచమంతా చందాలిచ్చింది. మనుషుల ఊళ్లకు అంత శ్రద్ధ దొరకలేదు.

బాబూ, అభిమానం నిజమే. కానీ పద్దెనిమిదేళ్లు ఆ ఒక్క గొంతు తప్ప ఇంకో గొంతు పైకి లేవనివ్వలేదు. వేరే పార్టీలు లేవు, పత్రికలు ప్రభుత్వం చేతిలో, సంఘాలు ప్రభుత్వం చేతిలో. అలాంటి చోట ఆ ఒక్కడు పోతే జనం అనాథలైపోతారు. ఆ ఏడుపులో నాకు అదీ వినిపిస్తుంది.

దారిపక్క చెట్టు

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. అబూ సింబెల్ బొమ్మ పుస్తకంలో ఉంది, ఊళ్ల సంగతి లేదు.

ఇంకొక్కటి అడగొచ్చా? 1967 జూన్ 9 సాయంత్రం నాసర్ టీవీలో రాజీనామా చేస్తున్నానని చెప్తే జనం వద్దు వద్దని రోడ్ల మీదికి వచ్చారట, మర్నాడు ఆయన వెనక్కి తీసుకున్నాడట. అది ప్రభుత్వమే ఆడించిన నాటకమని కొందరు రాశారు. హెల్వాన్ లైన్ అన్నా, మీ హాజ్ గారు ఆ రోజు ఎక్కడున్నారు? ఏమైనా చెప్పారా?

హెల్వాన్ లైన్

శారద గారూ, మీరు రాసినదాంట్లో ఒక్క మాట కూడా కొట్టిపారేయలేను. ఆ ఇద్దరు మిల్లు కార్మికుల సంగతి నేను మొదటే రాయాల్సింది.

తమ్ముడూ, చెప్పారు. రోజుల తరబడి అడిగితే ఒకే ఒక్కసారి చెప్పారు.

అప్పుడు ఆయనకు ఇరవై ఒకటి. ఫ్యాక్టరీలో చేరి మూడేళ్లు. అన్న సైన్యంలో ఉన్నాడు, సినాయ్‌లో ఎక్కడో. జూన్ 5 నుంచి ఇంట్లో రేడియో ఆపలేదు. ఇన్ని శత్రు విమానాలు కూల్చాం, అన్ని కూల్చాం అని గంటగంటకూ చెబుతున్నారు. వాళ్లమ్మ అంకెలు వేళ్ల మీద లెక్కపెట్టేదట. నాలుగు రోజులు అలా గడిచాక 9వ తేదీ సాయంత్రం నాసర్ గొంతు. ఎప్పుడూ విన్న గొంతు కాదు, అలిసిపోయి, తడబడుతూ. 'నక్సా' అన్నాడు, అంటే ఎదురుదెబ్బ. బాధ్యత నాదే, అన్ని పదవులూ వదిలి మామూలు మనిషిగా జనంలో కలిసిపోతానన్నాడు.

హాజ్ చెప్పులు కూడా వేసుకోలేదు. హెల్వాన్ నుంచి రైలెక్కి బాబ్ అల్ లూక్‌లో దిగారు. దీపాలన్నీ ఆర్పేసిన సిటీలో ఎవరు ఎవరో కనిపించట్లేదు, అడుగుల చప్పుడు, అరుపులు మాత్రమే. నాసర్ ఇల్లుండే మన్షియత్ అల్ బక్రీ వైపు నడిచారు. నాటకమా అని నేనూ నీలాగే అడిగాను. అధికార పార్టీ వాళ్లు జనాన్ని కూడగట్టి ఉండొచ్చు, కాదనలేదు ఆయన. కానీ నన్ను ఎవరూ పిలవలేదు అన్నారు. మరి ఎందుకు వెళ్లారంటే చాలాసేపు మాట్లాడలేదు. ఆయన దిగిపోతే మా అన్న ఎక్కడున్నాడని ఎవర్ని అడగాలి, అన్నారు. అంతే. శారద గారు చెప్పిందీ అదే అనుకుంటాను, వేరే మాటల్లో.

ఆ యుద్ధంలో 10,000 మందికి పైగా ఈజిప్టు సైనికులు పోయారు. వెనక్కి రమ్మన్న ఆర్డర్ వచ్చాక దారీతెన్నూ లేకుండా, నీళ్లు లేకుండా ఎడారిలో నడిచినవాళ్లు వేలల్లో. హాజ్ అన్న బతికి వచ్చాడు, జూన్ చివర్లో. పాదాల తోలు ఊడిపోయి ఉంది. లోపలికి వచ్చి, గ్లాసు నీళ్లు తాగి, ముందు చేసిన పని రేడియో ఆపడం. మళ్లీ పెట్టొద్దన్నాడు. వాళ్లమ్మ దాని మీద గుడ్డ కప్పి అల్మారా పైన పెట్టింది. పాటలకు కూడా దించలేదు. ఆ ఇంట్లో మూడేళ్లకు పైగా రేడియో మోగలేదు.

1970 సెప్టెంబర్ 28 సాయంత్రం పక్కింటావిడ తలుపు కొట్టి, అన్ని స్టేషన్లలోనూ ఖురాన్ పారాయణమే వస్తోంది, ఏం జరిగిందో తెలియట్లేదు అంది. హాజ్ లేచేలోపే అన్న లేచాడు. స్టూల్ వేసుకుని ఎక్కి, గుడ్డ తీసి, రేడియో కిందికి దించి ప్లగ్ పెట్టాడు. సెట్ వేడెక్కేదాకా అందరూ నిలబడే ఉన్నారు. కాసేపటికి ఉపాధ్యక్షుడు సాదాత్ గొంతు వచ్చింది, నాసర్ పోయాడని. అన్న గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడట.

అక్టోబర్ 1న అన్నదమ్ములిద్దరూ ఆ వంతెన దగ్గరే ఉన్నారు. నువ్వు చూసిన వీడియోలో ఎక్కడో ఉండే ఉంటారు. అన్నకు ఎక్కువ దూరం నడిస్తే పాదాలు ఇంకా నొప్పే, అయినా తిరిగొచ్చేటప్పుడు కూడా నడిచే వచ్చాడని హాజ్ చెప్పారు.